పోస్టు డబ్బా ఊరొదిలి వెళ్తే: కలలాంటి మ్యూజిక్ వీడియో ఫోనుతో తీయడం ఎలా

నలుగురు కాలేజీ పిల్లలు కూర్చుని "వింతగా ఒక మ్యూజిక్ వీడియో తీద్దాం" అనుకుంటే మొదటి గంటలోనే లిస్టు రెడీ అయిపోతుంది. పొగ, పగిలిన అద్దం, ముఖానికి తెల్ల రంగు, తలకిందుల గది, నీళ్ళ బకెట్లో గడియారం. అన్నీ తీసి అతికిస్తే వచ్చేది కల కాదు, పాత పెళ్ళి వీడియో. మా మొదటి వీడియో సరిగ్గా అలాగే వచ్చింది. చూసిన మా అత్త "బాగుందిరా, ఇంతకీ పాట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగింది. అప్పటికి పాట అయిపోయింది.

కల అలా ఉండదు. కలలో మన ఇల్లే ఉంటుంది, మన వీధే ఉంటుంది, అమ్మ రోజూలాగే కూర తరుగుతూ ఉంటుంది. కాకపోతే పొయ్యి పక్కన గేదె నిలబడి ఉంటుంది, దాన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. అంతే తేడా. కాబట్టి లోకంలో ఒక్క నియమాన్ని తప్పించండి, మిగతాదంతా మామూలుగా వదిలేయండి. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ ఒక్క నియమం చుట్టూనే తిరుగుతుంది.

1929లో స్పెయిన్ దర్శకుడు బున్యుయెల్, చిత్రకారుడు డాలీ కలిసి తీసిన "అన్ షియన్ ఆందలూ" అనే చిన్న సినిమా ఈ తరహాకు పెద్ద గుర్తు. బుద్ధితో వివరించగలిగే దృశ్యం ఒక్కటి కూడా ఉంచకూడదని వాళ్ళు ఒప్పందం చేసుకున్నారు. వాళ్ళకది కుదిరింది. మొదటిసారి కెమెరా పట్టేవాళ్ళకు మాత్రం అది ప్రమాదం. ఏదైనా పెట్టొచ్చు అన్నప్పుడు మనం పెట్టేది ఎక్కడో చూసినదే అవుతుంది.

ఐడియా కోసం పొడుపు కథలు వెతకండి

వింత దృశ్యాల కోసం విదేశీ వీడియోలు తిరగేయక్కర్లేదు. అమ్మమ్మను నాలుగు పొడుపు కథలు చెప్పమనండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అంటే కంటి రెప్పలు. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది" అంటే కవ్వం. జవాబు మరిచిపోయి ఒట్టి ప్రశ్నను కళ్ళ ముందు ఊహించుకోండి. ముఖం మీద చెక్క తలుపులు. వంటింట్లో గంతులేస్తున్న అడవి. వస్తువు ఇంటిదే, తప్పిన నియమం ఒక్కటే.

ఇక్కడ ఉదాహరణగా "తోక లేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది" అన్నది తీసుకుందాం. జవాబు ఉత్తరం. ఉత్తరాలు రాయడం మానేశాక ఊళ్ళో ఎర్ర డబ్బా ఏం చేస్తుంది? విసుగొచ్చి తనే ఊరొదిలి పోతుంది. మన నియమం ఇది: ఈ లోకంలో మనుషులు కదలరు, పోస్టు డబ్బా కదులుతుంది. పాట పాడే అమ్మాయికి పెదవులు మాత్రమే కదులుతాయి.

నియమాన్ని ఒక కాగితం మీద ఒకే వాక్యంగా రాసి గోడకు అంటించండి. షూటింగ్ రోజు ఎవరో ఒకరు "ఇక్కడ ఒక దెయ్యం పెడితే?" అంటారు. ఆ కాగితం చూపించండి.

నేనైతే దీనికి రంగు నియమం కూడా కలుపుతాను. డబ్బా తప్ప ఫ్రేములో ఇంకేదీ ఎర్రగా ఉండకూడదు. చీరలు, బకెట్లు, బైకులు, గోడ మీద రాతలు, చివరికి నుదుటి బొట్టు కూడా. వినడానికి తేలికగా ఉంటుంది కానీ మన ఊళ్ళలో ఎరుపు లేని వీధి దొరకడం ఎంత కష్టమో లొకేషన్ చూడ్డానికి వెళ్తే తెలుస్తుంది. ఈ తిప్పలన్నీ చివరి షాట్ కోసం. డబ్బా ఎండుమిర్చి ఆరబోసిన కల్లంలోకి చేరి ఆ ఎరుపులో మునిగిపోతుంది. అప్పటిదాకా ఎరుపును దాచిపెట్టి ఉంటేనే ఆ కల్లం చూసినవాడి గుండె ఝల్లుమంటుంది.

పాట పూర్తిగా తేలాకే కెమెరా

పాట మీ స్నేహితులు కట్టినదైతే అంతకన్నా హాయి లేదు. సినిమా పాట వాడితే యూట్యూబ్ దాన్ని గుర్తుపట్టి డబ్బు వాళ్ళకు మళ్ళించవచ్చు, వీడియోనే ఆపేయవచ్చు. "అన్నమయ్య కీర్తన వాడదాం, పదిహేనో శతాబ్దం కదా, ఎవరడుగుతారు?" అనేవాళ్ళు ప్రతి బృందంలోనూ ఉంటారు. సాహిత్యానికి హక్కులు లేని మాట నిజమే. మనం రోజూ వినే బాణీలు మాత్రం చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. మన చట్టంలో సంగీతానికి హక్కు కట్టినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. రికార్డింగుకు విడిగా ఇంకో హక్కు ఉంటుంది. జానపదమైనా అంతే, పదం అందరిదీ, రికార్డింగ్ ఎవరో ఒకరిది. మీ గొంతుతో, మీ బాణీతో పాడుకోండి.

పాట టెంపో ఖరారు కాకుండా ఒక్క షాటూ తీయకండి. మా రెండో వీడియోలో షూటింగ్ అయిన మర్నాడు పాడినవాడు "కొంచెం స్పీడు పెంచాను, బాగుంది కదా" అని కొత్త ఫైల్ పంపాడు. నలభై షాట్లలో పెదవులన్నీ పాటకు దూరమయ్యాయి. వాడితో ఇప్పటికీ మాట్లాడుతున్నాం, అది వేరే విషయం.

ఇక లెక్క. పాట నిమిషానికి 100 బీట్లు అనుకుందాం. ఒక బీటు 0.6 సెకను, నాలుగు బీట్ల ఆవర్తం 2.4 సెకన్లు. వీడియో సెకనుకు 25 ఫ్రేములైతే ఆవర్తానికి సరిగ్గా 60 ఫ్రేములు. 3 నిమిషాల 12 సెకన్ల పాటలో 80 ఆవర్తాలు. ఒక రూళ్ళ నోటుబుక్కులో 80 గీతలు గీసి ఒక్కో గీతకు ఎదురుగా పాటలో మాట, చూపించే బొమ్మ, లొకేషన్ రాయండి. బొమ్మలు వేయడం రాకపోతే కర్ర మనుషులు చాలు. ఒకే షాట్ నాలుగు ఆవర్తాలు నడవొచ్చు, ఇంకోటి ఒక్క బీటులో అయిపోవచ్చు. కలలాంటి వీడియోలో పొడుగు షాట్లే ఎక్కువ పని చేస్తాయి. నిలబడిపోయిన మనుషుల మధ్య డబ్బా నెమ్మదిగా పోతుంటే చూసేవాడికి అనుమానం రావడానికి కాస్త సమయం పడుతుంది. మాటిమాటికీ కట్ చేస్తే ఆ సమయం ఇవ్వనట్టే.

మూడు కట్టలుగా ఆలోచించండి. మొదటి చరణందాకా ఊరు, రెండో చరణం దారి, చివరి పల్లవి కల్లం. కథ అంతకంటే ఎక్కువ వద్దు.

డబ్బా తయారీ

నిజం పోస్టు డబ్బా జోలికి పోవద్దు. అది ప్రభుత్వ ఆస్తి, పైగా ఇనుము. ఫ్రిజ్ షాపులో అడిగితే పెద్ద అట్టపెట్టె ఇస్తారు. అట్ట మీద రెండు అంగుళాలకొక నిలువు గీత నొక్కుకుంటూ పోతే గుండ్రంగా వంగుతుంది. ఎత్తు నాలుగడుగులు ఉంటే లోపల సన్నటి కుర్రాడు గొంతుక్కూర్చోగలడు. పైన టోపీ కోసం ప్లాస్టిక్ టబ్బు బోర్లించండి. మైదా ఉడికించిన జిగురుతో పాత పేపర్లు రెండు పొరలు అంటించి, పూర్తిగా ఆరాక ఎర్ర రంగు వేయండి. రంగు నిగనిగలాడితే ఫోనులో ఇనుములా కాక ఆటబొమ్మలా కనిపిస్తుంది. నీళ్ళలో కలిపిన మట్టి గుడ్డతో రాసి పాతబరచండి. తపాలా శాఖ గుర్తు వేయకండి. ఉత్తరాలు వేసే చీలిక ఉంటే చాలు, చూసినవాళ్ళందరికీ అదేంటో తెలిసిపోతుంది. లోపలున్నవాడికి ఆ చీలికే కిటికీ.

డబ్బాను నడిపించే దారులు

గ్రాఫిక్స్ అక్కర్లేదు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్తుంటే ఇప్పటికీ పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లీ కాలానికి కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. కెమెరా ముందే జరిగే మాయకు ఒక బరువు ఉంటుంది. ఎండ, దుమ్ము, నీడ అన్నీ నిజం కాబట్టి కన్ను నమ్మేస్తుంది.

మొదటి దారి, లోపల మనిషి. గొంతుక్కూర్చుని బాతులా నడవాలి. మూడు నాలుగు సెకన్లకు మించి ఎవడి వల్లా కాదు, కాబట్టి చిన్న షాట్లకే. కింద పాదాలు కనిపించకుండా ముందు గడ్డి గానీ గట్టు గానీ ఉన్న చోట, కెమెరాను నేలకు దగ్గరగా పెట్టి తీయండి. ఎండలో లోపల ఊపిరాడదు. ప్రతి టేకు తర్వాత డబ్బా ఎత్తేయండి, నీళ్ళివ్వండి.

రెండోది, చక్రాల పలక. సిమెంటు రోడ్డుంటే పలక మీద డబ్బా నిలబెట్టి గాలం వేసే నైలాను దారంతో లాగండి. దారం ఎండకు మెరుస్తుంది. నల్ల మార్కరుతో రుద్దితే మెరుపు పోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మూడోది, ఫోటోలతో నడిపించడం. ఫోనును ట్రైపాడ్‌కు బిగించి, డబ్బాను బెత్తెడు జరిపి ఒక ఫోటో, మళ్ళీ జరిపి ఒక ఫోటో. ఒక్కో ఫోటోను ఎడిటింగులో రెండు ఫ్రేములు ఉంచితే ఒక ఆవర్తానికి 30 ఫోటోలు కావాలి. నాలుగు ఆవర్తాలకు 120. ఓపిక ఉంటే గంట పని. ఈ నడకలో చిన్న వణుకు ఉంటుంది, ఆ వణుకే డబ్బాకు ప్రాణం పోస్తుంది. ఫోటో తీసే ముందు స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయండి. మేము ఒకసారి మరిచిపోయాం. మబ్బు వచ్చి పోయినప్పుడల్లా వీధి మొత్తం దీపంలా మిణుకుమంది, 90 ఫోటోలు వృథా. ఇంకో సంగతి, గంటలో నీడ కదులుతుంది. మబ్బు రోజైతే మేలు, లేదా నీడను కూడా పాత్ర అనుకుని వదిలేయండి. పక్కన మనుషులు ఉండాల్సిన షాటైతే గంటసేపు వాళ్ళను నిలబెట్టలేరు. వాళ్ళ చోట ఖాళీ కుర్చీలు గానీ, ఆరేసిన బట్టలు గానీ ఉండేలా ప్లాన్ చేసుకోండి.

ఉత్తరాలు గాల్లోంచి ఎగిరొచ్చి చీలికలో దూరాలంటే తలకిందులుగా ఆలోచించండి. డబ్బాను కాస్త ముందుకు వంచి, లోపలున్నవాడు చీలికలోంచి గుప్పెడు ఉత్తరాలు బయటికి విసురుతాడు. ఆ క్లిప్పును వెనక్కి నడిపితే పని అయిపోతుంది. ఫ్రేములో ఉన్న మనుషులు ఎటూ కదలరు కాబట్టి వెనక్కి తిప్పినట్టు ఎవరికీ దొరకదు. మొదట పెట్టుకున్న నియమం ఇలా పనిలో కూడా సాయం చేస్తుంది.

పెదవులు పాటతో, గాలి మాత్రం నెమ్మదిగా

ఈ వీడియోకి ఆయువుపట్టు ఇదే. అమ్మాయి కదలకుండా నిలబడి పాడుతుంది. పెదవులు పాటకు సరిగ్గా కలుస్తాయి, కానీ చున్నీ నీళ్ళలో తేలినట్టు నెమ్మదిగా లేస్తుంది, వెనక కోడి నెమ్మదిగా రెక్కలు విదిలిస్తుంది. ఏదో తేడాగా ఉందని చూసేవాడికి అనిపిస్తుంది, ఎక్కడో చెప్పలేడు.

ఎలాగంటే, పాటను రెట్టింపు వేగంతో ఇంకో ఫైలుగా చేసుకోండి. దాన్ని స్పీకరులో పెట్టి, అమ్మాయి ఆ వేగానికే పాడుతుంటే సెకనుకు 50 ఫ్రేములతో తీయండి. ఎడిటింగులో ఆ క్లిప్పును సగం వేగానికి తగ్గిస్తే పెదవులు అసలు పాటకు వచ్చేస్తాయి, మిగతా లోకమంతా సగం వేగంలో ఉండిపోతుంది. పాట మొత్తం 96 సెకన్లలో అయిపోతుంది కాబట్టి పాడేవాళ్ళకు నాలుక తిరగదు. కనీసం వారం ముందు రెట్టింపు ఫైలు పంపి అద్దం ముందు సాధన చేయించండి. గొంతెత్తి పాడమనండి. ఊరికే పెదవులు ఆడిస్తే గొంతు నరాలు కదలవు, అబద్ధం తెలిసిపోతుంది. రెప్పలు వీలైనంత తక్కువ కొట్టాలి.

సెకనుకు 60 ఫ్రేములు కాకుండా 50 ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. 25 లేదా 50 ఫ్రేములు, షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 లేదా 1/100 పెట్టుకుంటే ఆ మిణుకు వీడియోలో పడదు. 50 ఫ్రేములకు 1/100 సరిపోతుంది. ఐఫోనులో కెమెరా సెట్టింగ్స్‌లో "Show PAL Formats" అన్నది ఆన్ చేస్తే 25 కనిపిస్తుంది. 50 ఫ్రేములకు, షటర్ లాక్ చేయడానికి బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా నడుస్తుంది. పట్టపగలు షటర్ 1/100 దగ్గర ఆపితే బొమ్మ తెల్లబారిపోతుంది. ఫోను లెన్సుకు తగిలించే, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉంటే సరి, లేకపోతే పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదు తర్వాత తీయండి. మధ్యాహ్నం ఎండ ముఖాలకు ఎలాగూ మంచిది కాదు.

ఊళ్ళో జనాన్ని "కదలకండి" అంటే శ్వాస బిగబట్టి బొమ్మల్లా బిర్రబిగుసుకుపోతారు. అలా కాదు, చేస్తున్న పని మధ్యలో ఆపమనాలి. నీళ్ళు తోడుతూ, బజ్జీ కొరుకుతూ, సైకిలు ఒక కాలు మీద ఆపి. వాళ్ళ చూపు డబ్బా మీద పడకూడదు. ఇదే అన్నిటికంటే కష్టం. అరుగు మీద తాతగారికి "ఆ వేపచెట్టు కొమ్మ చూడండి" అని ఒక చోటు చూపించండి, సరిపోతుంది.

అనుమతులు, అన్నాలు

ఊళ్ళో తీస్తే ముందు రోజే సర్పంచికి, ఆ వీధిలో పెద్దవాళ్ళకు చెప్పండి. చిన్నపిల్లలు ఫ్రేములో ఉంటే అమ్మానాన్నల్ని అడగండి. కోటలు, గుహలు లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో షూటింగుకు ముందస్తు అనుమతి కావాలి, ట్రైపాడ్ తీయగానే కాపలా అతను వచ్చేస్తాడు. రైలు పట్టాల మీద మాత్రం వద్దే వద్దు. పట్టాల వెంట డబ్బా నడిస్తే బాగుంటుందని మీకూ అనిపిస్తుంది, మాకూ అనిపించింది. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. అంతకన్నా ముఖ్యం, చెవిలో పాట మోగుతుంటే వెనక వచ్చే రైలు వినపడదు. పొలం గట్టు మీద తీయండి, బొమ్మ అంతకంటే బాగా వస్తుంది.

షూటింగ్ రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు ఊరు, దారి. రెండో రోజు కల్లం ఒక్కటే. పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టించుకు వెళ్ళండి. ఆకలేసిన బృందంలో మొదట ఆవిరయ్యేది ఓపిక.

కల్లంలో చివరి షాట్

గుంటూరు, పల్నాడు వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్తే మిరప కల్లాలు ఎర్రటి తివాచీల్లా ఉంటాయి. రైతును అడిగి, ఆయన చెప్పిన వేళకే వెళ్ళండి. రాత్రి మంచుకు తడవకుండా పట్టాలు కప్పుతారు, పొద్దెక్కాక తీస్తారు. కాయల మీద చెప్పులతో నడవకూడదు, తొక్కితే కాయ విరిగి గింజ రాలుతుంది, ఆయనకు ధర పోతుంది. ఒక మూల నాలుగడుగుల మేర మీకు వదిలితే చాలు, ఫోను కింద పెట్టి తీస్తే అదే సముద్రంలా కనిపిస్తుంది. ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. మా బృందంలో ఒక అమ్మాయి ఒకసారి చెయ్యి తుడుచుకోకుండా కన్ను నలుపుకుంది. ఆ పూట అంతే సంగతులు. ఆ చేత్తో ఫోను లెన్సు కూడా తుడవకండి.

డబ్బా మునగడం ఇలా. చక్రాలు తీసేసి డబ్బాను కాయల మధ్య నిలబెట్టండి. ఒక ఫోటో. పైకెత్తి కింది అంచు నుంచి అంగుళం అట్ట కత్తిరించి అదే చోట పెట్టండి. ఇంకో ఫోటో. నాలుగడుగుల డబ్బాకు 48 అంగుళాలు, 48 ఫోటోలు. చివర టోపీ ఒక్కటీ మిగులుతుంది, దాన్ని తీసేసి ఒట్టి కాయల ఫోటోలు 12. మొత్తం 60, అంటే రెండు ఆవర్తాలు. ప్రతిసారీ అదే చోట పెట్టడానికి కాయల కింద సుద్దతో వృత్తం గీసుకోండి. ఇది ఒక్కసారే చేయగల షాట్, డబ్బా మళ్ళీ రాదు. కాబట్టి మిగతావన్నీ ఫోనులో ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని, ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాకే కత్తి పట్టండి.

ఎడిటింగ్

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ఉచిత వెర్షన్ చాలు. క్లిప్పులు దించకముందే ప్రాజెక్టును 25 ఫ్రేములకు పెట్టండి, దించాక మార్చనివ్వదు. ఫోన్లు తీసే వీడియోలో ఫ్రేముల వేగం కాస్త అటూ ఇటూ అవుతుంది, అందుకే పెదవులు మొదట్లో కలిసి చివరికి జారిపోతుంటాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో స్థిరమైన వేగానికి మార్చుకుని మొదలుపెట్టండి. స్పీకరు పాట ఫోనులో రికార్డయ్యే ఉంటుంది. సగానికి తగ్గించాక ఆ శబ్దపు అలలను అసలు పాట అలలతో కలిపి, ఆపై మ్యూట్ చేయండి.

రంగుల దగ్గర ఆగలేరు, తెలుసు. పచ్చదనం, నీలం కొద్దిగా తగ్గించండి, ఎరుపును ముట్టుకోకండి. మెరుపులు, పొగలు, అరిగిపోయిన రీలు ఎఫెక్టు లాంటివి అన్నీ గోడ మీది కాగితం ముందు నిలబెట్టి అడగండి, నియమంలో ఉన్నాయా అని.

అప్‌లోడ్ చేసే ముందు ఈ పనిలో లేని ఇద్దరికి చూపించండి. ఒకరు కల్లం ఇచ్చిన రైతు అయితే ఇంకా మంచిది, ఆయనకు ఆ మాత్రం బాకీ ఉన్నాం. "ఏం అర్థమైంది?" అని అడగొద్దు, మొహమాటానికి ఏదో ఒకటి చెప్తారు. మర్నాడు ఫోన్ చేసి "ఏం గుర్తుంది?" అనండి. "ఆ డబ్బా ఎటు పోయిందిరా పాపం" అంటే అప్‌లోడ్ చేసేయండి. "స్లో మోషన్ బాగుంది" అంటే, ల్యాప్‌టాప్ మళ్ళీ తెరవండి. మనుషులు కదిలిన షాట్ ఎక్కడో ఒకటి మిగిలిపోయి ఉంటుంది.